పెళ్ళికి పెట్టిన పళ్ళు

లెక్సింగ్టన్,
1983 నవంబరు 6

ప్రియమైన అమ్మా,

ఇక్కడ చలి మొదలైంది. నువ్వు అల్లిన స్వెట్టరు వేసుకునే రాస్తున్నాను.

ఈ వారం మా పళ్ళ డాక్టరు కాలేజీలో కట్టుడు పళ్ళ పాఠం. సిగరెట్లు కాల్చేవాళ్ళ నోళ్ళ బొమ్మలు టీచరమ్మ గోడ మీద వేసి చూపించింది. పళ్ళ సెట్టు కింద అంగిలంతా ఎర్రగా కమిలిపోయి ఉంది. పొగ తాగేవాళ్ళకి చిగుళ్ళ కింది ఎముక త్వరగా అరుగుతుందట. అప్పుడు సెట్టు వదులై ఒరుసుకుంటుంది. ఒరుసుకున్న చోట పుండు పడితే పొగ దాన్ని తొందరగా మాననివ్వదు. నా పక్కన కూర్చున్న అమ్మాయి, "ఛీ, ఎక్కడివాళ్ళే వీళ్ళు?" అంది. మా ఊరివాళ్ళేనని చెప్పలేకపోయాను.

నీ సెట్టు కదులుతోందని రోజూ పొడి వేసి అంటించుకుంటున్నావు. రాత్రి కూడా తీయవు. ఈరోజు నుంచి తీసి నీళ్ళలో వెయ్యి. టార్చిలైటు పట్టుకుని అద్దంలో అంగిలి చూసుకో. రెండు వారాలకీ మానని పుండు ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళు. సిగరెట్టు మానెయ్యమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ మీదే బెంగతో,
నెల్డా

---

ఇంటి నుంచి,
నవంబరు 17

మా డాక్టరమ్మ నెల్డాకి,

నీ ఉత్తరం సగమే మీ నాన్నకి వినిపించాను. "ఆర్డీ, మన పొగాకు డబ్బుతో చదువుకుంటూ మన పొగాకునే తిడుతోందే ఈ పిల్ల!" అని పడీ పడీ నవ్వాడు. కొట్టంలో ఇంకా ఆకు ఒలుస్తున్నాం. అక్కడ చేతిలో సిగరెట్టు లేకుండా నిలబడితే, "ఏం ఆర్డిత్, ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతారు.

ఇక రాత్రి తీయమన్నావే, అది నా వల్ల కాదు. నీకెప్పుడూ చెప్పలేదు. పెళ్ళికి ముందు మా నాన్న నన్ను పట్నం తీసుకెళ్ళి పళ్ళన్నీ పీకించి ఈ సెట్టు పెట్టించాడు. సగం గట్టి పళ్ళే. కట్టుకున్నవాడికి ఇక పళ్ళ ఖర్చు ఉండదని, ఆ రోజుల్లో మా వైపు పెళ్ళికూతురికి అదో గొప్ప కానుక. దానికి నేనూ మురిసిపోయాను. కానీ పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు దాటినా బోసినోరు మాత్రం మీ నాన్నకి చూపించలేదు. చూపించను కూడా.

కంగారు పడకు. అంగిట్లో ఒకచోట ఒరుసుకుంటుంటే గోళ్ళు రాసుకునే ఆకురాయితో సెట్టునే అరగదీశాను. ఇప్పుడు నొప్పి లేదు. సెట్టు కడగడానికి తీసినప్పుడు అంగిలి నాలుకకి కాస్త గరుకుగా తగులుతుంది, అంతే.

బాగా తిను, చిక్కిపోకు.
మీ అమ్మ

---

లెక్సింగ్టన్,
నవంబరు 21

అమ్మా,

ఆ గరుకు ఎన్నాళ్ళుగా ఉంది? నొప్పి లేకపోతే మానినట్టు కాదు. మా టీచరమ్మని అడిగాను. "మీ అమ్మని వెంటనే తీసుకురా" అంది. వెంటనే నీకు రాస్తున్నాను.

మా కాలేజీ క్లినిక్కుకి రా. తెర వేస్తారు, నేనొక్కదాన్నే ఉంటాను. నువ్వు రాకపోతే నాన్నకి నేనే రాసేస్తాను.

నెల్డా

---

ఇంటి నుంచి,
డిసెంబరు 2

నెల్డా తల్లీ,

మీ నాన్నకి రాశావంటే నీతో మాట్లాడను. నా కడుపున పుట్టి నా పరువు తీస్తావా? ఆకు అమ్మకం కాగానే, జనవరిలో తప్పకుండా వస్తాను. సిగరెట్టు కూడా మానేశాను, సరేనా? ఇక పుస్తకం తీసి చదువుకో.

మాట మీద నిలబడే
మీ అమ్మ

---

లూయివిల్ ఆసుపత్రి,
1984 మార్చి 19

నెల్డా,

నా నోటితో చెప్పాల్సినవన్నీ ఇప్పుడు కాగితం మీదే చెప్పాలి. నా మాట ఎవరికీ అర్థం కావడం లేదు. కుడివైపు అంగిలి కోసేశారు. క్యాన్సర్. నీ పరీక్షలయ్యేదాకా చెప్పొద్దని మీ నాన్న చేత నేనే ఒట్టేయించుకున్నాను. ఆయన్ని తిట్టకు.

జనవరిలో వస్తానన్నాను, రాలేదు. సిగరెట్టు మానేశానన్నది కూడా అబద్ధమే. నువ్వు నాన్నకి రాయకుండా ఉండాలని ఆ రెండూ రాశాను. నువ్వు నమ్మావు. అమ్మ చెబితే ఎవరు నమ్మరు?

ఫిబ్రవరిలో ఒక పొద్దున మీ నాన్న ఎదురుగా కాఫీ గుటక వేస్తే అది ముక్కులోంచి కారింది. అంగిట్లో చిల్లు పడిందట. అప్పటికప్పుడు ట్రక్కు ఎక్కించాడు. ఇక్కడ డాక్టరు సెట్టు తీయమంటే, మీ నాన్నని బయటికి పంపమని నర్సు చెయ్యి పట్టుకున్నాను.

"ఎందుకే పంపడం?" అన్నాడు మీ నాన్న. "నెల్డాని నువ్వు కన్న రోజున ఆసుపత్రిలో నర్సు సెట్టు తీసి గ్లాసులో వేస్తే చూశానుగా. నువ్వు సిగ్గుపడతావని ఇన్నాళ్ళూ అనలేదు."

ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ రోజే ఒక్క మాట అని ఉంటే నేను రాత్రిళ్ళు తీసి పడుకునేదాన్ని. ఎప్పుడో ఒకసారి అద్దంలో చూసుకునేదాన్ని. ఎవరి కోసం దాచానో ఆయన అన్నీ చూసేసి, నన్ను దాచుకోనిచ్చాడు. నాకు సూపు తాగిస్తుంటే, ఎంత మంచివాడో అని వార్డంతా మెచ్చుకుంటోంది. నిజమే, మంచివాడే. ఆ మంచితనాన్ని నేనేం చేసుకోను?

మిగిలిన జబ్బు సంగతి వాళ్ళూ గట్టిగా చెప్పడం లేదు. నేను అడగడం లేదు.

ఇప్పుడు ఆయన కింద మెట్ల మీద నిలబడి సిగరెట్టు కాలుస్తున్నాడు. కిటికీలోంచి వాసన వస్తోంది. సిగ్గు లేకుండా నాకూ కావాలనిపిస్తోంది.

నీ పరీక్షలు అయిపోయాయిగా, ఇక రా. మీ టీచరమ్మకి పాఠంలో గోడ మీద చూపించే బొమ్మ కావాలంటే కెమెరా తెచ్చుకో. వెలుతురు బాగా పడేలా కూర్చుని, నువ్వు చాలనేదాకా నోరు తెరిచి ఉంచుతాను.

అమ్మ