బొట్టు ఎక్కడ పెట్టాలి

బాన్సువాడ

బుజ్జమ్మా, మేము బాగున్నాం. మీ హాస్టల్లో ఫోన్ ఇవ్వరని కార్డు రాస్తున్నా.

చనిపోయిన మీ అన్న ట్యాబుకు రోజూ బొట్టు పెట్టి వాడి వీడియో చూస్తాను కదా. మొన్న అదేదో అప్‌డేట్ అడిగితే సరే అని నొక్కాను. అప్పటినుంచి తెర మసకబారి వాడి ముఖమే కనబడలేదు. వాడు మళ్ళీ పోతున్నాడేమోనని భయమేసింది. బస్టాండు కాడి షాపాయనకు చూపించాను. "అవ్వా, గీడ పైన దీనికి వెలుగు చూసే చిన్న కన్ను ఉంటది. గదాని మీదనే బొట్టు పెట్టినవ్. కొత్త అప్‌డేట్‌తోని ఇప్పుడది చీకటైందనుకొని వెలుగు తగ్గిస్తది" అని తుడిచేశాడు. మన అఖిలేశ్ మళ్ళీ నవ్వుతూ కనబడ్డాడు.

ఇగ బొట్టు పెట్టకుంటే నా మనసొప్పదు, పెడితే వాడు కనబడడు. ఎక్కడ పెట్టాలో మీ మేడమ్‌ని అడిగి రాయి. దుప్పటి పంపాలా? నాన్న అడగమన్నాడు. అన్న మీద బెంగతో పస్తుండకు. కడుపునిండా తిను బిడ్డా. – మీ అమ్మ