కింది వాటా ఆయన సీసం గుళ్ళు

డ్రెస్డెన్,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన ప్రసన్నక్కకు,

చెల్లి సునీత ప్రభువు పేరిట వందనాలతో రాస్తున్నది. నేనూ ఈయనా బాగున్నాం. హన్నా సంగతి కింద రాశాను, కంగారుపడకుండా చదువు. అక్కడ నువ్వూ, బావగారూ, సన్నీ, మీ అత్తగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ ఎండ వచ్చినట్టే వచ్చి మళ్ళీ మబ్బు పట్టింది. ఉతికిన బట్టలు ఇంట్లోనే ఆరేస్తున్నాను, దానికి వేరే కారణం కూడా ఉంది.

వీడియో కాల్ ఉండగా ఉత్తరమేంటే అని నవ్వుతావు. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్లో పెడతావు. మెసేజి పెడితే ఇంట్లో ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు పైకి చదివేస్తారు. ఇది మీ ఇంట్లో అందరూ వినే మాట కాదు. అందుకే ఈయన ఆఫీసులో పనిచేసే భీమవరం అబ్బాయి రేపు సెలవు మీద బయల్దేరుతుంటే, నీ స్కూలుకే తెచ్చి నీ చేతికే ఇమ్మని చెప్పి పంపిస్తున్నాను. కవరు అంటించి పైన టేపు కూడా వేశాను. టేపు ఊడి ఉంటే నాకు చెప్పు. స్టాఫ్ రూంలో ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు, ఇంటికి తీసుకెళ్ళకు.

హన్నాకి కొంతకాలంగా తిండి సయించడం లేదు. కడుపునొప్పి అంటుంది, ముఖం పాలిపోయింది. రోజూ దింపి వచ్చే కిటాలో, అదే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, టీచరమ్మ "ఆటలు మానేసి మూలన కూర్చుంటోంది, చెప్పింది గుర్తుండటం లేదు" అంది. జర్మన్ రాక బెదిరిపోయిందేమో అనుకున్నాను. డాక్టరమ్మ రక్తం తీయించి, ఫలితం వచ్చాక మమ్మల్ని గదిలోకి పిలిచి తలుపు వేసింది. పిల్ల ఒంట్లో సీసం ఉందట, ఉండకూడనంత. పెరిగే పిల్లల్లో అది మెదడునే దెబ్బ తీస్తుందట. ఎక్కణ్ణించి వస్తోందో కనిపెట్టి ఆపకపోతే ఏ మందూ పనిచెయ్యదంది. తర్వాత "పిల్లకి కాటుక పెడతారా? మీ దేశం నుంచి మసాలాలు తెచ్చుకుంటారా?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. ఏ రోగం వచ్చినా వీళ్ళు ముందు మన వంటింట్లోనే వెతుకుతారు. ఇంటికొచ్చి బాత్‌రూంలో కూర్చుని ఏడ్చానక్కా.

ఆమె సీసం అన్న క్షణమే నా మనసులో ఒక మొహం మెదిలింది. మా ఇంటి ఓనరు క్రామర్ గారు. డెబ్భై దాటిన మనిషి, భార్య పోయాక కింది వాటాలో ఒక్కడే ఉంటాడు. మేము పైన. పెరట్లో ఆయనకో చెక్క షెడ్డు ఉంది. శనివారం పొద్దున్నే దాన్లో దూరి సీసం కరిగించి గుళ్ళు పోస్తాడు. ఈ ఇంట్లో దిగిన కొత్తలో ఈయన్ని అడిగితే, "షూటింగ్ క్లబ్బులో మెంబరు, లైసెన్సు ఉంది. తన తుపాకీకి గుళ్ళు తానే తయారు చేసుకుంటాడు. నీకెందుకు?" అన్నారు. తుపాకీ గుళ్ళు ఇంట్లో పెట్టుకోవడమేంటి, వడియాలా?

ఇక నేను కిటికీ వదల్లేదు. ఆయన షెడ్డులోంచి బయటికి వచ్చి చేతులు దేనికి తుడుచుకుంటున్నాడు, ఆ చెప్పులతో మెట్ల దగ్గరికి వస్తున్నాడా, హన్నా బంతి ఎటు దొర్లింది, అన్నీ చూశాను. పిల్లకి అప్పుడప్పుడూ చాక్లెట్ ఇస్తాడు. నవ్వుతూ తీసుకుని, ఇంట్లోకి రాగానే చెత్తబుట్టలో పారేశాను. పెరట్లో బట్టలు ఆరేయడం మానేశాను. కుళాయి నీళ్ళు పరీక్షకి పంపితే శుభ్రంగా ఉన్నాయని వచ్చింది. దాంతో నాకు అనుమానం కాస్తా నమ్మకమైపోయింది. ఈయనేమో "సాక్ష్యం లేకుండా అంటే ఇల్లు ఖాళీ చేయమంటాడు, మళ్ళీ ఇల్లు దొరకడం తెలుసుగా" అని నసుగుడు. శుక్రవారం క్రామర్ గారూ ఈయనా కలిసి బీరు తాగుతారు కదా, మొగుడు కూడా అటే చేరాడనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా ఆరోగ్యశాఖ ఆఫీసులో ఫిర్యాదుకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకున్నాను.

టెర్మిన్ ఇంకా రాకముందే ఒక శనివారం ఉండబట్టలేక కిందికి దిగాను. షెడ్డు బయటే నిలబడి, నాకొచ్చిన జర్మన్‌లో "మా పిల్ల రక్తంలో సీసం ఉంది. మీ దగ్గర్నుంచే" అనేశాను. ఆయన చేతిలో గరిట పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుండిపోయాడు. తర్వాత లేచి పొయ్యి ఆర్పేసి, "మీరు లోపలికొచ్చి చూడండి. పిల్లని మాత్రం ఎప్పుడూ ఇటు తీసుకురావద్దు" అన్నాడు.

చూశాను. గాలి బయటికి తోసే ఫ్యాను, అక్కడే ఉండిపోయే బూట్లు, వేరే చొక్కా, గ్లౌజులు. ఒక పళ్ళెంలో గుళ్ళు బూడిదరంగులో మెరుస్తున్నాయి, పక్కన ఇత్తడి తొడుగులు వరసగా పేర్చి ఉన్నాయి. తుపాకీ అక్కడ లేదు, ఇంట్లో ఇనప బీరువాలో ఉంటుందట. దాని గురించి అడక్కుండానే చెప్పాడు. ఒకటి పేలగానే తర్వాతిది తానే ఎక్కించుకునే రకమట. కొన్న గుళ్ళయితే బుద్ధిగా మింగుతుంది గానీ, తాను పోసిన సీసం గుళ్ళు పెడితే మధ్యలో మొరాయిస్తుందట. "ఏళ్ళ నుంచీ దాన్ని బుజ్జగిస్తున్నాను" అని కొంచెం గర్వంగానే అన్నాడు. తన రక్తం కూడా ప్రతి ఏడూ పరీక్ష చేయించుకుంటాడట, బాగానే ఉందట. ఆ మాట ఎవరైనా అంటారు. నేను నమ్మలేదు.

ఆయన మాట్లాడుతూనే ఒక అట్టపెట్టె మీద ఏదో రాయబోతే పెన్ను రాయలేదు. బల్ల మీదున్న సీసం ముక్క తీసి దాంతోనే రాశాడు. పెన్సిల్‌తో రాసినట్టు బూడిదరంగు అక్షరాలు పడ్డాయి. దొరికావు అనుకున్నాను. ఇంత సులువుగా అంటుకునే వస్తువు మా మెట్ల మీద, రెయిలింగు మీద, పిల్ల బొమ్మల మీద అంటకుండా ఎలా ఉంటుంది? తెల్ల కాగితాలు తీసుకుని ఇల్లంతా రుద్దాను. ఈయన చూసి "పిచ్చి పట్టిందా నీకు?" అన్నారు. మెట్ల మీద దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

విసిగిపోయి మిగిలిన కాగితం వంటింటి గట్టు మీద పడేసి అన్నం పెట్టబోయాను. చారు గిన్నె తీసి దాని మీదే దించాను. వేడిగా ఉందని కాస్త జరిపి ఎత్తేసరికి కాగితం మీద గీత పడింది. క్రామర్ గారి పెట్టె మీద అక్షరాల రంగే.

నవ్వకు, అప్పుడు కూడా ఆయనే మా ఇంట్లోకి వచ్చి గిన్నె మార్చేశాడనుకున్నాను. తిప్పి చూస్తే అంచు మీద "సునీత" అని మీ అత్తగారు కొట్టించిన పేరు అలాగే ఉంది. అదే అక్కా, చారుకి మంచిదని ఆవిడ ఒకే కొట్లో ఒకే రోజు రెండు తగరం గిన్నెలు కొని, నీకొకటి నాకొకటి పేర్లు వేయించి ఇచ్చారు కదా, ఆ గిన్నె. ల్యాబుకి ఇచ్చాం. రిపోర్టు మొన్న వచ్చింది. తగరం పేరుకే ఉంది, చాలావరకు సీసమే. చింతపండు పులుపుకి అది చారులోకి దిగుతుందట. హన్నా చారన్నం తప్ప వేరేది ముట్టదని నేనే రెండు పూటలా కలిపి ముద్దలు పెట్టాను, నా చేత్తోనే. నాకూ కొంచెం ఉందట. ఈయన క్యాంటీన్లో తింటారు కాబట్టి తప్పించుకున్నారు.

గిన్నె మానేశాక హన్నా రక్తంలో సీసం తగ్గుతోంది, ఇంకా తగ్గాలి. డాక్టరమ్మ త్వరగానే పట్టుకున్నారు అంది గానీ, ఆమె మొహం చూస్తే నాకు పూర్తి ధైర్యం రాలేదు. టెర్మిన్ రద్దు చేసుకుని క్రామర్ గారికి సంగతి చెప్పాను. "పిల్ల ఎలా ఉంది?" అని అడిగాడు. ఆ వెంటనే "ఆ గిన్నె నాకిస్తారా?" అన్నాడు. చూశావా బుద్ధి, కరిగించి గుళ్ళు పోసుకోవడానికి. ఇవ్వలేదు, ల్యాబువాళ్ళనే పారెయ్యమన్నాను. మనిషి మంచివాడే కావచ్చు, చాక్లెట్ మాత్రం ఇప్పటికీ తిననివ్వడం లేదు.

ఇప్పుడు నీ సంగతి. నీ పేరున్న గిన్నె ఈ రోజే పొయ్యి మీంచి దించెయ్యి. మీ అత్తగారు ప్రేమతో కొన్నారు, ఆవిడకేం తెలుసు, ఆవిణ్ణి ఒక్క మాట అనకు. చేయి జారి పడి చిల్లు పడిందని చెప్పు, అబద్ధమైనా దేవుడు క్షమిస్తాడు. పాత సామాన్లవాడికి అమ్మకు, చర్చి వంటకి ఇవ్వకు, ఇంకో పిల్ల నోటికి పోతుంది. చదవడం అయ్యాక స్కూలు నుంచే నాకు ఫోన్ చెయ్యి.

సన్నీని విజయవాడ తీసుకెళ్ళి రక్తంలో సీసం చూడమని అడుగు. ఆ మాటే అడుగు, లేకపోతే నులిపురుగుల మందు రాసి పంపిస్తారు. పొద్దున్నే కడుపునొప్పి అని స్కూలు ఎగ్గొడుతున్నాడనీ, వచ్చిన ఎక్కాలు కూడా మర్చిపోతున్నాడనీ, బావగారు బెల్టు తీశారనీ పోయిన వారం నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు. అప్పటికి రిపోర్టు లేదు, పక్కనే మీ అత్తగారి గొంతు వినిపించింది, ఊరుకున్నాను.

పెద్దలందరికీ మా వందనాలు. హన్నా కోసం, సన్నీ కోసం ఇద్దరి పేర్లూ పెట్టి ప్రార్థన చెయ్యి. పరీక్ష ఫలితం వచ్చేదాకా బావగారు వాడి మీద చెయ్యి ఎత్తకుండా చూడు. వాడు నొప్పి అంటే నొప్పే అక్కా.

నీ ఫోను కోసం చూస్తూ,
నీ చెల్లి
సునీత