తకతూలి నా మాట

మార్చి 3, సోమవారం

తకతూలి అనే మాట నాది. ముందు ఈ ముక్క రాయి అన్నాను టైపిస్టుతో. మిగతావన్నీ తర్వాత.

నాకు అక్షరం రాదు. పక్కవాటాలో ఉండే రిటైర్డ్ టైపిస్టు రాస్తోంది, నేను చెబుతున్నాను. ఏ రోజు ఏం జరిగిందో తేదీ వేసి రాయించి పెట్టుకోండి మామ్మగారూ, హియరింగులో పనికొస్తుంది అన్నాడు కార్పొరేషన్ గుమాస్తా. రాయిస్తాను. ఎవరూ చదవకపోయినా రాయిస్తాను.

ఊళ్ళో ప్రతి బస్ స్టాపులోనూ ఇనప బోర్డు పెడతారట. ఆ చోటికి ఆ పేరు ఎలా వచ్చిందో దాని మీద ఉంటుందట. అందుకో కమిటీ. తకతూలి స్టాపు గురించి ఇప్పటికే ముగ్గురు అర్జీలు పెట్టారు. ముగ్గురూ దొంగలే. నాది నాలుగో అర్జీ.

మార్చి 4

నిన్నటిది చదివించుకున్నాను. ముగ్గురూ పొరబడినవారే అని చదివింది టైపిస్టు. నేనలా అన్నానా అని గద్దించాను. పోనీలే అక్కా, పెద్దవాళ్ళ మీద దొంగలు అని ఎలా రాయను అంటుంది. కొట్టేయించి దొంగలు అని పెట్టించాను. ఈ మనిషికి మెత్తదనం ఒక జబ్బు. రాసేటప్పుడు కొంత, చదివేటప్పుడు మరికొంత.

మార్చి 7

అసలు సంగతి ఇవాళ చెబుతాను.

ఇప్పుడు ఆ స్టాపు ఉన్న మలుపులో ముప్ఫై ఒక్క ఏళ్ళు టీ కొట్టు నడిపాను. మొగుడు పోయాక రెండు బెంచీలు, ఒక స్టవ్వు, ఒక కూతురు మిగిలాయి. కూతురికి ఎడమ కాలు కురచ. చెక్క అరుగు మీద నడిస్తే కుడికాలు తక అని పడేది, ఎడమకాలు పడేసరికి మనిషి పక్కకి తూలేది. ఒకరోజు బెంచీల నిండా జనం, ఇది గ్లాసులు పట్టుకుని ఎంతకీ రాదు. ఏయ్ తకతూలీ అని కేకేశాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. జనానికి భలే నచ్చింది. బెంచీలు అదిరిపోయేలా నవ్వారు. మర్నాటి నుంచి అదే దాని పేరు.

బస్సువాళ్ళంతా నా దగ్గరే టీ తాగేవారు. ఆ చోటికి అప్పుడు పేరు లేదు, మలుపు అనేవారు. ఆ రూట్లో మలుపులు ఆరున్నాయి. ఏ మలుపని గోల. ఒక కండక్టరు తకతూలి దగ్గర దిగేవాళ్ళు ముందుకు రండి అన్నాడు. ఇంకో కండక్టరు అందుకున్నాడు. కొన్నాళ్ళకి టికెట్ మీద అచ్చయింది.

ఇదీ నా కేసు. ఇంతకన్నా ఏం కావాలి?

మార్చి 12, మధ్యాహ్నం

ఆ ముగ్గురి అర్జీలూ గుమాస్తా చదివి వినిపించాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

చరిత్ర మాస్టారు ఒకాయన. పూర్వం అక్కడ తకతూరి అనే దళనాయకుడు విడిది చేశాడట, జనం నోళ్ళలో నలిగి తకతూలి అయిందట. కాగితం ఉందా అంటే పరిశోధన సాగుతోంది అన్నాడట.

రెండోది సినిమావాళ్ళది. పదకొండేళ్ళ కిందట తకతూలి అని సినిమా వచ్చింది. అందులో తకతూలి అంటే జేబుదొంగ. సినిమా ఆడాకే ఆ చోటు పేరు నలుగురికీ తెలిసిందని వాళ్ళ మేనేజరు వాదన. కథ రాసినవాడు ఆ స్టాపులోనే రోజూ బస్సు దిగేవాడని నాకు తెలుసు. వాడికి చక్కెర ఎక్కువేసి ఇచ్చేదాన్ని.

మూడోవాడు డ్రమ్ముల మాస్టారు. ఆరేళ్ళ కిందట తకతూలి అని పాట కట్టాడు. పిల్లల్ని నిద్రపుచ్చే పాట. తక అంటే తాళం, తూలి అంటే ఊయల ఊగడం, నాదమే ఆ చోటికి పేరిచ్చింది అని రాశాడట. ఇప్పుడు ఇంటింటా తల్లులు పిల్లల్ని అదే పాటతో జోకొడుతున్నారు. మా వెనక వాటాలో కూడా.

దళనాయకుడట, జేబుదొంగట, ఊయలట. పాపం, ఒక్కడికీ కాలు తట్టలేదు.

మార్చి 15

సాక్షి కావాలన్నాడు గుమాస్తా. ఆ మాట మీరే పుట్టించారని ఎవరు చెబుతారు మామ్మగారూ అన్నాడు. కండక్టర్లు ఎప్పుడో పోయారు.

కూతురుంది అన్నాను.

మార్చి 18

పంతొమ్మిదేళ్ళ తర్వాత దాని గడప తొక్కాను. బట్టలు సరిచేసే షాపు. జిప్పులు మారుస్తుంది, ప్యాంట్లు కురచ చేస్తుంది. మిషను తొక్కేది కుడికాలే. నన్ను చూసి మిషను ఆపలేదు. ఆ కుట్టు చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు తలెత్తింది.

కూర్చోండి అంది.

కన్నకూతురు నన్ను మీరు అంది! ఆ మాట రాసేటప్పుడు టైపిస్టు ఆగింది. రాయి అన్నాను.

బోర్డు సంగతి, అర్జీ సంగతి అంతా చెప్పాను. విననే వింది. ఒకటి చెబుతాను వినండి అంది. దారాల హోల్‌సేల్ షాపు తకతూలి స్టాపు ఎదురుగానే ఉందట. ప్రతి గురువారం వెళ్ళాలట. కండక్టరుకి ఆ పేరు చెప్పలేక ఒక స్టాపు ముందే దిగి నడుస్తుందట. ఈ కాలుతో. పంతొమ్మిదేళ్ళుగా. వాన అయినా ఎండ అయినా.

చిన్నప్పటి సంగతులు ఇంకా మోస్తున్నావా అన్నాను. ముద్దుగా పిలిస్తే తప్పా అన్నాను. ఊరంతా కుంటిదానా అనకముందే నేనొక మాట అంటే చర్మం మందమవుతుంది కదా అన్నాను. చూడు, ఎలా మందమయిందో, సొంతంగా షాపు పెట్టుకున్నావు అన్నాను.

ఏ రోజు రావాలి అని అడిగింది. అంతే.

వస్తుంది. నా కూతురు కదా, రాకేం.

ఏప్రిల్ 2, బుధవారం

కమిటీ గది. పొడుగు బల్ల, ముగ్గురు మెంబర్లు, పాత చెక్క నేల. ఎదురుగా చరిత్ర మాస్టారు, సినిమా మేనేజరు, డ్రమ్ముల మాస్టారు. నేను ఉతికిన చీర కట్టుకుని వెళ్ళాను.

కూతురు లేచి, ఈ మాట ఈవిడదే అంది. నన్ను చూపించి ఈవిడ అంది.

సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో బస్సు టికెట్. పసుపు పచ్చగా అయిపోయింది. ఇల్లు వదిలి వెళ్ళిపోయిన రోజు కొన్న టికెట్టట. ఎక్కిన స్టాపు దగ్గర తకతూలి అని అచ్చు ఉందట, తేదీతో సహా. నా పేరు అచ్చయిన టికెట్ కొనుక్కుని నేను పారిపోయాను, అందుకే దాచాను అంది. సినిమా అప్పటికి పుట్టలేదు, పాటా పుట్టలేదు. మేనేజరు వాచీ చూసుకున్నాడు.

బడిలో హాజరు పట్టీలో నా అసలు పేరు ఉండేది, కానీ టీచరు కూడా తకతూలి అనే పిలిచేది అంది. పలికేదాన్ని అంది. టీ తాగడానికి వచ్చినవాళ్ళు, ఏదీ ఒకసారి నడువు అని గ్లాసులు అటు పెట్టి ఇటు పెట్టి నడిపించేవారు, ఈవిడ ఆపలేదు, గిరాకీ పెరిగింది అంది.

పెద్ద మెంబరు గొంతు సవరించుకుని, మాటకీ నడకకీ సంబంధం ఏమిటమ్మా, సరిగా అర్థం కాలేదు అన్నాడు.

అది కిటికీ నుంచి తలుపుదాకా నడిచింది. తక. తూలి. తక. తూలి. డ్రమ్ముల మాస్టారి వేళ్ళు బల్ల మీద తాళం వేస్తున్నాయి. తనకే తెలియలేదు. పక్కాయన మోచేత్తో పొడిస్తే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

చరిత్ర మాస్టారు ఫైలు మూసేశాడు.

నాకొక్కటే కోరిక, నేను చెప్పింది చెప్పినట్టు రాయండి అంది నా కూతురు. అలాగే అన్నాడు పెద్ద మెంబరు. నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. మెట్ల మీద కూడా వినిపించింది ఆ చప్పుడు.

ఏప్రిల్ 3

గెలిచాను.

మే 20

బోర్డు పెట్టారు. ఆకుపచ్చ రంగు, తెల్లటి అక్షరాలు, నా ఎత్తుంది. టైపిస్టుని లాక్కెళ్ళి చదివించాను. అక్కడ టీ కొట్టు నడిపిన ఆవిడ తన కూతురిని పిలుచుకున్న ముద్దుపేరే ఈ చోటి పేరు అయింది, అని చదివింది. ఇంత పెద్ద బోర్డుకి అంతేనా అంటే, మిగతాదంతా కార్పొరేషన్ సోది అక్కా అంది.

మూడుసార్లు చదివించుకున్నాను.

మే 23

మూడు రోజులుగా సాయంత్రాలు వెళ్ళి ఆ బోర్డు పక్కన నిలబడుతున్నాను. చదివినవాళ్ళు నన్ను ఎగాదిగా చూస్తున్నారు. చూడనీ.

మే 24, సాయంత్రం ఆరు

డ్యూటీకి వెళ్ళే నర్సులు ఇద్దరు బోర్డు చూస్తున్నారు. పైకి చదవండమ్మా, అది నా గురించే అన్నాను. ఒకమ్మాయి ఉత్సాహంగా మొదలుపెట్టింది.

ఇక్కడ టీ కొట్టు నడిపిన ఆవిడ, కాలు కురచైన తన కూతురి నడకను వెక్కిరిస్తూ, గిరాకీలను నవ్వించడానికి పిలిచిన మాట తకతూలి. ఆ మాటే ఈ చోటికి పేరయింది. ఆ కూతురు ఇచ్చిన వాంగ్మూలం ప్రకారం.

సగంలోనే ఆ పిల్ల గొంతు తగ్గింది. రెండోది కన్నతల్లేనా అంది. ఎవరిని అడిగిందో తెలియదు. ఇద్దరూ వెళ్ళి స్టాపుకి ఆ చివర నిలబడ్డారు. బెంచీ అంతా ఖాళీగానే ఉంది.

ఇంటికొచ్చి టైపిస్టు తలుపు బాదాను. నాకు అబద్ధం చదువుతావా అన్నాను. అక్కడ అంత సంతోషంగా నిలబడ్డావు అక్కా, నాకు నోరు రాలేదు అంది. అని ఏడ్చింది. అది ఏడుస్తుంది! నేను ఏడవలేదు. అదీ రాయి అన్నాను.

జూన్ 5, గురువారం

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి బస్సులో వచ్చాను. ఎక్కడికి మామ్మా అన్నాడు కండక్టరు. తకతూలి అనలేకపోయాను. దానికి ముందు స్టాపు పేరు చెప్పాను. అక్కడ దిగి నడిచాను.

ఇది రాయకు అన్నాను టైపిస్టుతో.