కడియం రాయి

12 ఫిబ్రవరి 2006, ఆదివారం

గీత గీశారు. ఎర్ర రంగు. మా అరుగు దాటి, దుకాణం గుమ్మం దాటి లోపలికి. అంటే అరుగు పోతుంది, రెండు కొయ్య స్తంభాలు పోతాయి, పైన చెక్క వరండా పోతుంది. రోడ్డు వెడల్పట. గద్వాల పెద్దబజారు ఇరుకని ఎవరికి తోచిందో...

రంగు వేసినవాడు డబ్బా మా అరుగు మీదే పెట్టుకుని బీడీ ముట్టించాడు. లేపి పంపాను.

14 ఫిబ్రవరి

కోట వైపు నుంచి ఆ చివరిదాకా నడిచాను. గీతలు చూద్దామని వెళ్లి బజారు చూసి వచ్చాను. రోజూ ఇందులోనే బతుకుతూ ఎన్నాళ్లయిందో తల ఎత్తి.

వహీద్ భాయ్ గడియారాల దుకాణం మీద గచ్చుతో చేసిన రెండు నెమళ్లు. ఒకదానికి ముక్కు లేదు, ఠీవి మాత్రం తగ్గలేదు. పాత సత్రం తలుపు మీద ద్రాక్షగుత్తులు — గద్వాలలో ద్రాక్ష ఎక్కడ చూసి చెక్కాడో ఆ వడ్రంగి. డంగు సున్నం గోడలు, మేకు కొడితే మేకే వంగుతుంది. అరుగులన్నీ ఒకే ఎత్తు. వానాకాలం బురదలో కాలు పెట్టకుండా అరుగు మీంచి అరుగు మీదికి బజారంతా తిరిగి రావచ్చు.

ఇలాంటి బజారు వనపర్తిలో లేదు. నా పుట్టిల్లే అయినా చెప్పక తప్పదు. అక్కడ ప్యాలెస్ ఉంది. ఉంటే ఉండనీ.

16 ఫిబ్రవరి

కొలతలకు ఇంజనీరు వచ్చాడు. నెమ్మదస్తుడు. అరుగు చివర రాయికి ఉన్న ఇనుప కడియం చూసి ఇదేమిటన్నాడు. నేను పెళ్లయి వచ్చినప్పటి నుంచి చీరలకొచ్చే ప్రతివాళ్లకూ చెప్పిందే అతనికీ చెప్పాను — రాజావారు ఇక్కడ ఆగేవారు, ఆయన గుర్రాన్ని దీనికి కట్టేవారు అని.

అతని ముఖంలో మార్పు వచ్చింది. సంస్థానం నాటి గుర్తయితే వేరే మాట, పై ఆఫీసరును తీసుకొచ్చి చూపిస్తా, గీత కాస్త జరగొచ్చు అన్నాడు.

గుర్రం మా అరుగును కాపాడేటట్టుంది! మా ఆయన సాయంత్రం మిర్చి బజ్జీలు తెచ్చాడు. అడగకుండానే.

17 ఫిబ్రవరి

అత్తమ్మ నిన్న దుకాణం మూల కూర్చుని అంతా విన్నదట. ఇవాళ నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"రాజా గుర్రం మన అరుగు కాడ ఎందుకాగుతదే సులోచనా? చీర కొననీకా? గది పడుగు కట్టే కడియం. గీ కొస మనది, గా కొస వహీద్ వాళ్ల అరుగుది."

మగ్గం ఎక్కించే ముందు పడుగు దారాలను బజారు పొడుగునా సాగదీసేవారట. ఆ కొస, ఈ కొస కడియాలకు తాళ్లతో బిగించి, మధ్యలో కర్రలు నిలబెట్టి, గంజి పట్టించి కుంచెతో దువ్వేవారట. తెల్లవారుజామున, బండ్లు మొదలు కాకముందే. మగ్గాలు రెండూ ఇప్పుడు దుకాణం ఉన్న గదిలోనే ఉండేవట. అత్తమ్మ కొత్త కోడలిగా ఈ కొస నుంచి గంజి పట్టిస్తూ పోయేదట, తర్వాత మగ్గం మీద కూర్చుని నేసేదట.

దుకాణం పెట్టాక మామయ్య మగ్గం మాట ఎత్తొద్దన్నాడు. వ్యాపారస్తుల పక్కన కూర్చోవాలి కదా, తక్కువగా చూస్తారని.

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు గంత సంబురంగ చెప్తుంటివి. రాజా గుర్రం మన ఇంటికొస్తె నాకేం నొప్పి అనుకున్న."

18 ఫిబ్రవరి

బేరాలు వచ్చాయి. ఎవరికీ కడియం చూపించలేదు.

19 ఫిబ్రవరి

అసలు గుర్రం ఎక్కణ్ణుంచి వచ్చింది? నాలో నుంచే. పెళ్లయిన ఏడు మా అక్క వనపర్తి నుంచి వచ్చి, ఈ అరుగు మీదే నిలబడి, మీ ఊళ్లో ఏముందే అంది. నా కన్ను కడియం మీద పడింది. కడియం ఉంటే గుర్రం ఉండాలి. గుర్రం ఉంటే రాజు ఉండాలి. అనేశాను. ఎవరూ కాదనలేదు. నేనూ నమ్మేశాను.

మా ఆయన అంటాడు — గుర్రమనే చెప్పు, అరుగు నిలబడుతుంది. ఆయన తప్పేం లేదు. తాత కట్టిన అరుగు.

అత్తమ్మ ఏమీ అనడం లేదు. వత్తులు చేసుకుంటోంది. అదే కష్టంగా ఉంది.

22 ఫిబ్రవరి

పై ఆఫీసరు వచ్చాడు. పెద్ద మనిషి. చెప్పులు విడిచి అరుగెక్కాడు. ఇంజనీరు కడియం చూపించి, అమ్మా, చెప్పండి అన్నాడు. మా ఆయన నా వైపే చూస్తున్నాడు. లోపల అత్తమ్మ వత్తులు చేయడం ఆపింది.

గుర్రాలు కట్టేవారట కదా అన్నాడు ఆఫీసరు.

"కాదు సార్. పడుగులు కట్టేటోళ్లు. మా ఇంట్ల మగ్గాలుండె. మా అత్తమ్మ నేసింది."

"మొన్న గుర్రమన్నరంట?"

"మొన్న నాకు తెల్వదు సార్."

మంచి మాట చెప్పారమ్మా అన్నాడు. కానీ ఇట్లాంటి కడియాలు నేతవాళ్లుండే ప్రతి వీధిలో, ప్రతి గేరిలో ఉంటాయి, గీత జరగదు అన్నాడు. మర్యాదగానే.

మా ఆయన కొట్టు సగం మూసి కూర్చున్నాడు. నాకు ఏడుపు రాలేదు. గర్వంగా ఉంది. అరుగు పోతున్నా గర్వంగానే ఉంది, రాసుకుంటే ఎవరు చూస్తారు.

23 ఫిబ్రవరి

ఆయన పలికాడు. పొద్దున చాయ్ తాగుతూ — "అమ్మ నేసేదని నాకూ ఎవ్వరు చెప్పలే."

అంతే. గ్లాసు పెట్టి, కడియం దగ్గరికి పోయి, తుప్పు గీకుతూ కూర్చున్నాడు.

24 ఫిబ్రవరి

మా దుకాణానికి చీరలు నేసే నర్సింలు వచ్చాడు. అత్తమ్మ అతన్ని దగ్గరికి పిలిచి, కూల్చేలోపల ఒక్క పడుగు బజారులో సాగదీయమంది. అతను నా ముఖం చూశాడు. పడుగులు ఇప్పుడు వాళ్ల గేరి వెనక మైదానంలో చేస్తారు, పెద్దబజారులో ఆటోలు, బస్సులు.

రేపే అన్నాను.

25 ఫిబ్రవరి

ఎలా రాయాలి...

చీకటి విడుతుండగా నర్సింలు, వాళ్లింటివాళ్లు పడుగు మోసుకొచ్చారు. ఒక తాడు మా కడియానికి. రెండోది వహీద్ భాయ్ కడియానికి, ఆయనే లుంగీ ఎగగట్టి కాలు తన్నిపెట్టి లాగాడు. వాళ్ల నాయన కూడా ఇట్లనే లాగేవాడట! ఆ మాట ఆయన దగ్గర ఇన్నాళ్లూ ఉంది, నేను అడగలేదు.

దారాలు బిగిశాయి. బజారు పొడుగునా తెల్లగా. గంజి వాసన. అత్తమ్మను చేయి పట్టుకుని దించాను. పడుగు మీద అరచేయి పెట్టి నడిచింది, నడుస్తూనే నర్సింలును తిట్టింది — గంజి పల్చగైందట. అతను నిజమేనమ్మా అన్నాడు.

మా ఆయన కర్ర నిలబెట్టబోయి రెండుసార్లు పడేశాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు.

రాయచూరు బస్సు వచ్చింది. హారన్ కొట్టాడు. తర్వాత ఆపి, డ్రైవరే దిగి చూశాడు. కండక్టరు దిగాడు. ఎవరూ తొందర పెట్టలేదు. సత్రం తలుపు, నెమళ్లు, మా వరండా — అన్నీ రెండు వైపులా నిలబడి ఉన్నాయి, మధ్యలో పడుగు. ఈ బజారు దీని కోసమే ఇంత తిన్నగా కట్టారేమో. నిజమో కాదో నాకు తెలియదు. ఈసారి ఎవరికీ చెప్పను, అత్తమ్మను అడిగాకే.

28 ఫిబ్రవరి

అరుగు, వరండా కొట్టేశారు.

రాయి పగలకుండా తీయించాను, దగ్గర నిలబడి. నెమలి మెడ ఒకటి దొరికిందని వహీద్ భాయ్ పేపరులో చుట్టుకుని పోయాడు.

9 మార్చి

దుకాణానికి కొత్త ముఖం కడుతున్నాం. రాయి నడింట్లో ఉంది, అందరి కాళ్లకూ తగులుతోంది. మేస్త్రి అంటాడు — కడియం రాయి ముందుకు పెడితే షట్టరు వెడల్పు తగ్గించాలి. షట్టరు తగ్గితే చీరలు రోడ్డుకు కనబడవు. మా ఆయన నీ ఇష్టమన్నాడు. అత్తమ్మ కూడా. అందరూ నా ఇష్టమే అంటే నేనేం చేయను.

అక్క ఫోను. పాపం, రాజావారి గుర్రం కడియం కూడా పోయిందటగా అంది. వచ్చి చూడు అన్నాను. రేపు పొద్దున బస్సుకు వస్తోంది.

చెప్తాను. అప్పుడు కనుబొమ్మలు ఎత్తి అడుగుతుంది, నాకు తెలుసు — అంటే మీవాళ్లు నేసేవాళ్లా అని. ఆ గొంతుతో.

ఇందాక అద్దం ముందు నిలబడి ఒకసారి అని చూశాను. "ఔ, మేము నేసేటోళ్లమే."

గట్టిగానే వచ్చింది. లోపలి గదిలోంచి అత్తమ్మ, ఎవరితోనే మాట్లాడుతున్నవ్ అంది.