బోల్టుకి మూడేసి వాచర్లు

2024 నవంబర్ 11, సోమవారం

నా పేరు వీరమ్మ. నాకు రాత రాదు, వేలిముద్రే. నేను చెబుతుంటే పక్క వాటాలో అద్దెకుండే అంగన్‌వాడీ టీచర్ ఉషారాణి రాస్తోంది. నేనన్నది అన్నట్టే రాయమన్నాను, అందంగా మార్చొద్దన్నాను. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. వచ్చే నెల ఒకటిన సంఘం కూర్చుంటుంది. ఏ రోజు ఏం జరిగిందో అక్కడ తడబడకుండా చెప్పాలి. అందుకే.

సంగతి ఇది. మలికిపురం అవతల ఐదు ఊళ్ళు మా లైను. ముప్పై ఏళ్ళు నెత్తిన గంపతో ఆ ఊళ్ళు తిరిగాను. మోకాళ్ళు పోయాక నా కోడలు సూర్యకళ గేర్ బండి నేర్చుకుని, వెనక రెండు ఐస్ పెట్టెలు కట్టుకుని తిరుగుతోంది. మా చేపల సంఘంలో ఒక రూలుంది. నెల రోజులు మన సరుకు దిగకపోతే ఆ ఊళ్ళు ఇంకొకరికి ఇచ్చేస్తారు. నడిచైనా వెళ్ళాలి, సొంత బండి మీదైనా వెళ్ళాలి. కిరాయి ఆటో కుదరదు. తప్పు మనది కాదని తేలితే పదిహేను రోజులు గడువిస్తారు.

మా బండి రెండో తారీఖు నుంచి ఊళ్ళకి వెళ్ళలేదు. ఆ రోజు ఊళ్ళు తిరిగొస్తుంటే కాలవ లాకుల దగ్గర చైన్ ఊడి చక్రంలో ఇరుక్కుంది. సూర్యకళ మోచెయ్యి చెక్కుకుపోయింది, గంప ఎత్తే వీల్లేదు.

సంఘం పెద్ద జగన్నాథరావు. ఆడమనిషి గేర్లు మారిస్తే చైన్ పడకేం చేస్తుందని చేపల వేలంపాట దగ్గర నలుగురిలో అన్నాడట. మా లైను మీద వాళ్ళ అల్లుడికి కన్ను. ఇప్పుడు కార్తీకమాసం, ఊళ్ళల్లో చాలామంది చేప ముట్టరు. నెల పోయాక ఆవురావురుమంటూ కొంటారు. ఆ వారం కోసం కాచుకున్నాడు.

నవంబర్ 12

సత్యప్రసాద్ షెడ్డుకి వెళ్ళాను. బండి పని చేసింది అతనే. ఐస్ కరిగిన ఉప్పునీళ్ళు కారికారి పాత స్వింగ్ ఆర్మ్ తినేసింది. స్వింగ్ ఆర్మ్ అంటే వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉండే ఇనప చేతులు. దసరా వెళ్ళాక ఇతను రాజమండ్రిలో పాత ఇనుము కొట్టు నుంచి వేరే పెద్ద బండిది తెచ్చాడు, చక్రంతో సహా గోనెసంచిలో కట్టించుకుని. మా దానికంటే నాలుగు వేళ్ళు పొడుగు. పెట్టెలు బాగా కూర్చుంటాయన్నాడు. కూర్చున్నాయి. చైనే కూర్చోలేదు.

చైన్ మార్చాడు. ముందూ వెనకా పళ్ళచక్రాలు, అదే స్ప్రాకెట్లు, రెండూ మార్చాడు. నాలుగు కిలోమీటర్లు పోతే మళ్ళీ పడింది. సూర్యకళ ఎక్సలేటర్ మొరటుగా తిప్పుతోందంటాడు.

జగన్నాథరావు కూడా అదేగా అన్నది. ఇద్దరూ మాట్లాడుకున్నారేమో.

నవంబర్ 14

ఈ రోజు వేలంపాట దగ్గర సత్యప్రసాద్ కనబడ్డాడు. అందరి ముందూ కడిగేశాను. పనిరాని మెకానిక్ అన్నాను. నా కోడలి మోచెయ్యి ఎవరిస్తారన్నాను. అక్కడున్న బళ్ళన్నీ అతని దగ్గరికే వెళ్తాయి. ఇక వెళ్ళకండన్నాను. అతను తల దించుకుని బురద పట్టిన గుంజల్లా ఉన్న నా కాళ్ళకేసే చూస్తూ నిలబడ్డాడు.

బాగా అయింది.

నవంబర్ 15

తిట్టాను గానీ చైన్ ఎందుకు పడుతుందో నాకూ తెలియదు. అది తొలుస్తోంది నన్ను.

నవంబర్ 18, సోమవారం

మళ్ళీ షెడ్డుకి వెళ్ళాను. వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను. తిట్టడానికొచ్చారా అన్నట్టు చూశాడు. చూడ్డానికొచ్చానన్నాను. బండి స్టాండ్ మీద పెట్టి చక్రం తిప్పమన్నాను. తిప్పాడు. ఒట్టి బండి మీద చైన్ చక్కగా తిరుగుతుంది. నూనె వాసన బాగుంటుందని ఇన్నేళ్ళకి తెలిసింది.

చైన్ ఎందుకు వదులుగా వేశావన్నాను. పొడుగు ఆర్మ్ కదండీ, బరువు కూర్చుంటే చైన్ బిగుసుకుంటుంది, అందుకని ముందే కొంచెం వదులుంచాలన్నాడు. ఎంత వదులు అన్నాను. రెండు వేళ్ళన్నాడు. ఎవరి వేళ్ళన్నాను. నవ్వు ఆపుకున్నాడు. ఇతను పని తెలియనివాడు కాదు. అది నాకు నచ్చలేదు. పని తెలియనివాడైతే నా కేసు తేలికయ్యేది.

నవంబర్ 20

ఈ రోజు గోనెపట్టా వేసుకుని వెనక చక్రం పక్కనే చతికిలపడ్డాను. కళ్ళు ఆపరేషన్ చేయించుకున్నాక దగ్గరివి బాగా ఆనుతున్నాయి. వెనక స్ప్రాకెట్ పళ్ళు చూశాను. చక్రం వైపు ముఖం అద్దంలా మెరుస్తోంది. బయటి ముఖం నల్లగా, కొత్తగా అలాగే ఉంది. ముందు చిన్నదానికి తిరగేసి, బయటి పక్క మెరుపు.

ఇది నాకు తెలుసు. పడవని ఒడ్డుకి లాగేటప్పుడు మోకుతాడు కప్పీలోకి, అంటే గిలకలోకి, తిన్నగా వెళ్ళాలి. పక్కవాటుగా వెళ్తే కప్పీ ఒక చెంపే అరుగుతుంది. బరువు పడ్డాక మోకు ఎగిరి అవతల పడుతుంది. మా ఆయన కాలు విరిగింది అలాగే.

సత్యప్రసాద్‌ని పిలిచి చూపించాను. టేపు తెచ్చి కొలిచాడు. చక్రానికి రెండు పక్కలా ఆర్మ్ మీదుండే గీతలు సమానంగా ఉన్నాయి, చక్రం తిన్నగానే ఉందన్నాడు. ఉంది, నేనూ చూశాను. చక్రం సంగతి కాదు నాయనా, పళ్ళ సంగతి చూడమన్నాను. పనుందని లోపలికెళ్ళాడు.

నవంబర్ 21, పొద్దున్న 9

వల అల్లే నైలాన్ తాడు బారెడు తీసుకెళ్ళాను. ముందు స్ప్రాకెట్ ముఖానికి ఒక కొస ఆనించి సూర్యకళని పట్టుకోమన్నాను. రెండో కొస నేను వెనక్కి బిగలాగాను. వెనక స్ప్రాకెట్ ముఖానికి తాడు ఆనాలి. ఆనలేదు. మధ్యలో నా చిటికెనవేలు దూరింది. ముందుది చిన్నది, పట్టులో తేడా వస్తుందేమోనని ఐదుసార్లు పట్టించాను. ఐదుసార్లూ దూరింది.

సత్యప్రసాద్ వచ్చి తన వేలు పెట్టి చూశాడు. దూరలేదు, అతని వేళ్ళు లావు. తర్వాత స్క్రూడ్రైవర్ పెట్టాడు. ఆఖరికి ఒప్పుకున్నాడు. చక్రం తిన్నగా ఉంది, కానీ స్ప్రాకెట్ చిటికెనవేలి మందం లోపలికి కూర్చుంది. బరువు లేనప్పుడు చైన్ సర్దుకుంటోంది. పెట్టెలెక్కాక ఎగురుతోంది.

నా కోడలి చెయ్యి మొరటు కాదు. ఇది పెద్దక్షరాలతో రాయమన్నాను. తెలుగులో పెద్దక్షరాలుండవంది ఉషారాణి. అయితే రెండుసార్లు రాయి. నా కోడలి చెయ్యి మొరటు కాదు.

నవంబర్ 22

కేసు గెలిచినట్టే. తప్పు మెకానిక్‌ది. గడువిస్తారు.

నవంబర్ 25, సోమవారం

గెలిచాక ఊరుకోవచ్చు కదా. ఊరుకోబుద్ధి కాలేదు.

స్ప్రాకెట్‌ని చక్రానికి పట్టి ఉంచే బోల్టులు నాలుగు. ఒక్కోదాని తల కింద మూడేసి వాచర్లు, అంటే సన్నటి ఇనప రింగులు. ముందుదానికి ఒక్కటీ లేదు. దీనికెందుకు మూడన్నాను. బోల్టులు పొడుగొచ్చాయండి, బిగియడానికి వేశానన్నాడు. ఎందుకు పొడుగొచ్చాయన్నాను. చక్రంతో పాటు వచ్చినవేనండి అన్నాడు. చక్రంతో పాటు వచ్చినవి చక్రానికి పొడుగెలా అవుతాయన్నాను.

స్పానర్ అందుకున్నాడు. వాచర్లు మూడూ తీసి తాడుకీ స్ప్రాకెట్‌కీ మధ్య పెట్టాడు. సరిగ్గా పట్టాయి. మధ్యలో ఇంకేదో ఉండి ఉండాలన్నాడు. ఒక మందపాటి బిళ్ళ, మధ్యన పెద్ద చిల్లు, చుట్టూ నాలుగు బోల్టు చిల్లులు. పాత ఇనుము కొట్టువాడు సంచిలో వెయ్యడం మర్చిపోయి ఉంటాడన్నాడు. లేదా సంచి దులిపినప్పుడు ఇక్కడే ఎక్కడో పడి ఉంటుందని షెడ్డంతా వెతికాడు. నేనూ వెతికాను. రాజమండ్రికి ఫోన్ చేశాడు. వేసే పంపామన్నారట.

నవంబర్ 28

అచ్చిబాబు, అంటే నా కొడుకు, పెరట్లో వల ఆరేశాడు. మూలకి కట్టిన బరువు గోడకి తగిలి మోగింది. ఉషారాణీ, ఇవాళ్టికి చాలు.

నవంబర్ 29, శుక్రవారం

రాయొద్దన్నాను. ఉషారాణి కలం పట్టుకునే కూర్చుంది. సరే రాయి.

మా వీధిలో ఇనుము కింద కనబడితే వలకి బరువుగా పోతుంది. అది దొంగతనమని ఎవరూ అనుకోరు. నట్లు, బేరింగులు, తలుపు గొళ్ళేలు, అన్నీ నీళ్ళలోకే. దసరా వెళ్ళాక ఆ సంచి దులిపిన రోజు నేను షెడ్డులో ఉన్నాను. అరచేతి వెడల్పు బిళ్ళ నా కాలి దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. చుట్టూ నాలుగు చిల్లులు, తాడు కట్టుకోవడానికే చేసినట్టు. తీసి నడుం దగ్గర దోపుకున్నాను. ఇంటికొచ్చి వల మూలకి నేనే కట్టాను. నెలన్నరగా ఉప్పుటేరులో మునుగుతోంది. ఇన్ని రోజులు చైన్ గురించి ఇంత అడిగాను, ఇది ఒక్కసారి గుర్తుకు రాలేదు.

సూర్యకళకి చెప్పాను. చేతిమీద పొక్కు గిల్లుకుంటూ వింది. తిట్టినా బాగుండేది.

నిజం చెబితే తప్పు మనదవుతుంది, గడువు రాదు. చెప్పకపోతే గడువొస్తుంది, సత్యప్రసాద్ షెడ్డుకి ఇక ఒక్క బండీ వెళ్ళదు. ఇప్పటికే ముగ్గురు మానేశారు, నా నోటి వల్ల. బిళ్ళని గుట్టుచప్పుడు కాకుండా ఇంట్లోనే బిగించుకోవచ్చని అచ్చిబాబు అన్నాడు.

నవంబర్ 30

బిళ్ళ విప్పించాను. తుప్పు గీకాను. గీకుతుంటే పక్కన అంకెలు కనబడ్డాయి. ఎవరో శ్రద్ధగా చేసిన వస్తువు.

డిసెంబర్ 1, ఆదివారం, మధ్యాహ్నం

సంఘం కూర్చుంది. సత్యప్రసాద్‌ని కూడా పిలిపించారు. చెప్పుకోమన్నారు. ఇన్ని రోజులు రాయించుకున్నది ఒక్క ముక్క చెప్పలేదు. కొంగులోంచి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాను. ఎక్కడ తీశానో, ఏం చేశానో చెప్పాను. నలుగురిలో తిట్టాను కాబట్టి నలుగురిలోనే చెబుతున్నాను, ఇతని పనిలో తప్పు లేదన్నాను.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వీరమ్మ వలలో ఇంకా ఎవరెవరి బండి భాగాలున్నాయో చూసుకోండన్నారు. అందరూ నవ్వారు. జగన్నాథరావు నవ్వలేదు. చేతులు కట్టుకుని, మీ తప్పేనని మీరే ఒప్పుకున్నారు కాబట్టి గడువు లేదండి, రేపు సాయంత్రంతో నెల నిండుతుంది, రేపు పోలి పాడ్యమి అన్నాడు.

రేపు పొద్దున్నే ఊరూరా ఆడవాళ్ళు కాలవలో దీపాలు వదులుతారు. కార్తీకం పట్టనివాళ్ళు కూడా రేపు చేప ముట్టరు. అది తెలిసే అన్నాడు.

అప్పుడు సూర్యకళ లేచింది. సంఘంలో అది నోరు విప్పగా నేనెప్పుడూ వినలేదు.

"రూల్లో సరుకు దిగాలని ఉందాండి, అమ్ముడవ్వాలని ఉందాండి?"

రూలు పుస్తకం తెరిచారు. దిగాలనే ఉంది.

బయటికొచ్చాక సత్యప్రసాద్ నా ముందు నిలబడి చెయ్యి చాపాడు. బిళ్ళ ఇచ్చాను. బరువు చూసుకున్నాడు.

"అడిగితే వేరేది ఇచ్చేవాణ్ణి కదండీ మామ్మగారూ" అన్నాడు.

వేలంపాట దగ్గర నేనన్న మాటలన్నిటికీ అతను అన్నది ఇదొక్కటే.

డిసెంబర్ 1, సాయంత్రం 4

బిళ్ళ వేశాడు. వాచర్లు తీసేశాడు, బోల్టులు తలదాకా బిగిశాయి. తాడు పట్టాం. ఈ కొస నుంచి ఆ కొసకి రెండు పళ్ళచక్రాల ముఖాలకీ ఆనింది. నా చిటికెనవేలికి చోటు లేదు. అచ్చిబాబు రెండు పెట్టెల్లో తడి ఇసుక నింపి ఎక్కించాడు. బరువుకి చైన్ బిగుసుకుని సన్నగా ఏడ్చింది. సత్యప్రసాద్ కొంచెం వదిలాడు, మళ్ళీ కొంచెం. రెండు వేళ్ళు. ఈసారి నా వేళ్ళతో కొలిచాడు.

లాకుల దాకా ఇసుకతో వెళ్ళొచ్చింది సూర్యకళ. పడలేదు. సత్యప్రసాద్ ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. అది చైన్ కాదు, ఒక సాయంత్రంలో సర్దుకోదు.

డిసెంబర్ 2, పోలి పాడ్యమి

ఐదు ఊళ్ళల్లో పెట్టె దిగింది. వెనకాలే జగన్నాథరావు అల్లుడు వచ్చి లెక్కపెట్టాడు. దీపాలు వదిలి వస్తున్న ఆడవాళ్ళు ముక్కు మూసుకుని పక్కకి జరిగారు. ఒక్క చేప పోలేదు. చైనూ పోలేదు, లైనూ పోలేదు. చేపలన్నీ ఉప్పు రాసి డాబా మీద పరిచాం. సూర్యకళ కాకుల్ని తోలుతోంది.