మామయ్యకు మూడోసారి వడ్డన

అమ్మా,

ఇక్కడ అందరం బాగున్నాం, కంగారు పడకు. షుగర్ ఉన్న మామయ్యకు నేను అన్నం కుక్కి పెడుతున్నానని మా ఆడబిడ్డ మనోరమ నీకు చెప్పే ఉంటుంది. ఫోన్లో మాట్లాడితే ఆయన పక్కనే కూర్చుని వింటారని కార్డు రాస్తున్నాను.

కాలి పుండు మానాలంటే అన్నం సగానికి తగ్గించాలని డాక్టరు చెప్పారు. మామయ్యేమో రెండోసారి వడ్డించకపోతే, "ఒక్కపారి పెడితే పగోనికి పెట్టినట్టే" అని కంచం ముందు నుంచి లేస్తారు. అందుకని పెద్ద గంటె అటక ఎక్కించి, పచ్చడి గంటెతో మూడుసార్లు వడ్డిస్తున్నాను. మూడూ కలిపినా పాత గంటెడు కాదు. మిగతా కంచమంతా తోటకూర, సొరకాయ.

ఆదివారం మనోరమ వచ్చింది. మామయ్య మీసం దువ్వి, "నా కోడలు మూడుపార్లు పెడుతది. నీ ఇంట్ల ఉన్నదా గీ మర్యాద?" అన్నారు.

ఆమె నా మీద పడింది. "డాక్టర్ తగ్గియ్యమంటే మూడుసార్లా? మా బాపును ఏం జేద్దామనుకున్నవ్ వదినా?"

ఆయన ఎదుట నిజం ఎలా చెప్పను? ఇప్పుడు మనోరమ నా ఫోన్ ఎత్తడం లేదు. శనివారం ఆయన్ను బౌరంపేటలోని తన ఇంటికి తీసుకుపోతుందట. అక్కడివన్నీ పెద్ద గంటెలే. నీ మాట వింటుంది, ఆలోపు గుట్టుగా చెప్పు.

నాయిన మజ్జిగలో ఉప్పు తగ్గించారా? తమ్ముడు వస్తే సొరకాయలు పంపు.

పుండు ఆరుతోంది. నిన్న మూడో గంటెకు మామయ్య చెయ్యి అడ్డం పెట్టి, "ఇగ సాలు బిడ్డా, కడుపు పల్గుతాంది" అన్నారు. నా పెళ్లయ్యాక ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదలు.

నాయినకు దండాలు.

నీ బిడ్డ
రోజారాణి, మేడ్చల్