సంతకం ఒక్కటే

విశాఖపట్నం,
12 ఫిబ్రవరి 2024

ప్రియమైన తమ్ముడు ఫల్గుణకు,

మీ కొండ మీద ఫోను పలకదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పలికినా ఈ మాట నోటితో చెప్పలేకపోయేదాన్ని.

మీ మేనత్త సోములమ్మ కీళ్లనొప్పులకు వాడే ఆకు మీద నేను రాసిన వ్యాసాన్ని జర్నల్ వాళ్లు తీసుకున్నారు. ఏప్రిల్ సంచికలో వస్తుంది. మూడేళ్లు నన్ను పాడేరు చుట్టుపక్కల కొండలన్నీ తిప్పావు. కాళ్లకు జలగలు పడితే ఉప్పు రాశావు. సోములమ్మ చెప్పిన ప్రతి మాటా నాకు విడమరిచి చెప్పావు. సగం పని నీదే. కానీ వ్యాసంలో నీ పేరు లేదు.

పంపేటప్పుడు ఒక ఫారం ఇస్తారు. ఇది నా సొంత పరిశోధన అని సంతకం పెట్టాలి. ఇద్దరి పేర్లుంటే ఇద్దరూ పెట్టాలి. నేనొక్కదాన్నే పెట్టేశాను. ఒక్క పేరుతో వ్యాసం వస్తే కాలేజీలో నాకు ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు, ఆ ఆశకు లొంగిపోయాను. అప్పటినుంచి అన్నం సయించడం లేదు. తిట్టాలనిపిస్తే తిట్టు.

నీ అక్క,
సాయిదుర్గ

*

26 ఫిబ్రవరి

దుర్గక్కకు ఫల్గుణ నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం బడిలో లెక్కలు చెబుతుండగా అందింది. నా పేరు లేదని చదివితే కోపం రాలేదక్కా, గుండె తేలికపడింది. అలా తేలికపడినందుకు సిగ్గేసింది.

మీకు చూపించిన ఆకు అసలు ఆకు కాదు. మొదటి రోజే అత్త నన్ను పక్కకు లాగి, "మందు పేరు బయటోలకి సెప్తే మందు సచ్చిపోద్దిరా. ఆ పట్నం గుంటని నొప్పించకు, పక్క మొక్క సూపించి పంపీ" అంది. మా దగ్గర మందిచ్చేవాళ్ల కట్టుబాటు అది. అత్త మాట కాదనలేకపోయాను, మీ మొహం చూస్తూ నిజమూ చెప్పలేకపోయాను. మీరు జాగ్రత్తగా ఎండబెట్టి పట్టుకెళ్లింది మా మేకలు మేసే మొక్క.

ఏదో చదువు కోసం రాసుకుంటున్నారు, బీరువాలో పడుంటుందిలే అనుకున్నాను. ఇప్పుడు అచ్చవుతుందంటున్నారు. నొప్పులతో లేవలేని ముసలివాళ్లెవరో నమ్మి ఆ ఆకు నూరుకుంటారు. ఆపించండక్కా. అసలుదేదో మాత్రం నన్ను అడగొద్దు.

మీ తమ్ముడు,
ఫల్గుణ

*

విశాఖపట్నం,
20 మార్చి

ప్రియమైన ఫల్గుణా,

వారం రోజులు నీ ఉత్తరం చింపేద్దామనే చూశాను. మూడేళ్లు నవ్వుతూ పక్కన నడిచి మోసం చేశావని ఒళ్లు మండిపోయింది. ఈ సంగతి మన ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు కదా, అచ్చు కానిద్దాం, ఉద్యోగం వచ్చాక చూద్దాం అని కూడా అనుకున్నాను. నీ దగ్గర దాచడమెందుకు.

తర్వాత ఆ ఫారం నకలు బయటికి తీశాను. నీ పేరు కూడా వేసి ఉంటే, నీ సంతకం కోసం వ్యాసం పట్టుకుని మీ ఊరు వచ్చేదాన్ని. ప్రతి వాక్యం నీకు చదివి వినిపించేదాన్ని. నువ్వు అబద్ధం కింద సంతకం పెట్టే మనిషివి కావు, ఆ రోజే నోరు విప్పేవాడివి. నీ పేరు కొట్టేసి ఆ అవకాశం నేనే పోగొట్టాను.

వ్యాసం వెనక్కి తీసుకున్నాను. కారణం రాయమన్నారు. మొక్క తప్పని, సగం పని చేసిన మనిషిని దాచిపెట్టి, అతనికి చూపించకుండా పంపానని రాశాను. ఉద్యోగం ఈ ఏడాదికి లేనట్టే.

సోములమ్మకు నా నమస్కారాలు చెప్పు. ఆమె మీద నాకు కోపం లేదు. నీ మీద ఉంది, నా మీద ఉన్నదానికంటే తక్కువే.

సాయిదుర్గ